శుభ్రం చేసిన పాత ఇనుప వస్తువులకు మళ్ళీ తుప్పు పడుతోంది, పైన ఏం పూస్తే ఆగుతుంది?

ప్రశ్న – బందరుతీరం

మాది మచిలీపట్నానికి దగ్గరలో ఉన్న పల్లె. మా పాత మండువా ఇంటిని విప్పించినప్పుడు బయటపడిన ఇనుప సామానులో కొన్నింటిని పాత ఇనుము వాళ్ళకు వేయకుండా అట్టే పెట్టుకున్నాను. వీధి తలుపుకు వేసే పెద్ద తాళంకప్ప, దాని గొలుసు, ధాన్యపు కొట్టు గడియ, కర్ర ఊడిపోయిన గండ్రగొడ్డలి వాటిలో ఉన్నాయి. ఇవి కాక, పెరట్లో కొబ్బరి మొక్కకు గొయ్యి తవ్విస్తుండగా దాదాపు మూడున్నర అంగుళాల అడ్డుకొలత గల ఇనుప గుండు ఒకటి దొరికింది. మా ప్రాంతంలో డచ్చివారు, ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు మకాం వేయడమూ, 1759లో బందరు కోట కోసం ఫ్రెంచివారికీ ఇంగ్లీషువారికీ యుద్ధం జరగడమూ తెలిసిన సంగతులే కనుక, అది ఫిరంగి గుండే అయి ఉంటుందని ఊళ్ళో పెద్దలు అంటున్నారు.

అన్నింటినీ వైరు బ్రష్షుతో రుద్ది, సబ్బునీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, కొబ్బరినూనె రాసి, అద్దాల బీరువాలో పెట్టాను. వానలు మొదలయ్యాక గొడ్డలి మీద, గడియ మీద వేలితో తుడిస్తే అంటుకునేంత ఎర్రపొడి చేరింది. గుండు వ్యవహారం ఇందుకు భిన్నంగా ఉంది. తెల్లవారేసరికి దాని మీద ఆవగింజంత పసుపుపచ్చ బొట్లు తడితడిగా తేలి ఉంటున్నాయి. అవి ఎండితే లోపల ఏమీ లేని నారింజ రంగు బుడిపెలుగా మిగులుతున్నాయి, ముట్టుకుంటే చితికిపోతున్నాయి. పైపొర పెచ్చులుగా ఊడి అరలో రాలుతోంది.

నూనె మానేసి వార్నిష్ గాని, మైనం గాని, గేట్లకు పూసే తుప్పు మార్పిడి ద్రవం గాని పూయవచ్చునా? తాళంకప్పను మళ్ళీ పనిచేసేలా చేయడానికి వీలుంటుందా? ఢిల్లీలోని ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్ళుగా వానలో నిలబడి కూడా చెడలేదంటారే, అందులో మనం నేర్చుకోదగినది ఏమైనా ఉందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు – లోహరక్షణ

బందరుతీరం గారికి నమస్కారం. ఏం పూయాలన్న ప్రశ్నకు మీ దగ్గరున్న సామానంతటికీ కలిపి ఒకే జవాబు చెప్పడం కుదరదండీ. తాళంకప్ప, గడియ, గొడ్డలి ఇంటి కప్పు కింద, మనుషుల చేతుల్లో మెలిగిన ఇనుము. వాటికి పట్టిన తుప్పు చాలావరకు పైపైనే ఉంటుంది, దాన్ని అదుపు చేయడం కష్టం కాదు. గుండు మట్టిలో తరాల తరబడి పడి ఉండి పైకి వచ్చిన ఇనుము. దాన్ని తినేస్తున్నది దాని లోపలే ఉంది. అందుచేత ముందు గుండు సంగతి చెబుతాను, అదే తొందరగా చూడవలసినది.

ఉప్పునేలలో పాతుకుపోయిన ఇనుము తుప్పు పట్టే క్రమంలో నేలలోని ఉప్పులో ఉండే క్లోరైడును లోపలికి లాక్కుంటుంది. అది మిగిలి ఉన్న లోహానికీ తుప్పు పొరకూ మధ్యన చేరి కూర్చుంటుంది. మీ నేలలో ఉప్పు ఎంత ఉంటుందో నేను చెప్పనక్కరలేదు, 1864 ఉప్పెనలో సముద్రం ఊరి మీదికి వచ్చిన తీరం అది. మట్టిలో ఉన్నంతకాలం గాలి సరిగా అందదు కనుక ఆ గుండు ఒక విధమైన నిలకడకు వచ్చి ఉంటుంది. బయటికి తీయగానే తుప్పు పొర ఎండి చీలికలిస్తుంది, ఆ చీలికల గుండా ఆక్సిజన్ నేరుగా లోహం దాకా పోతుంది, అక్కడున్న ఇనుప క్లోరైడు గాలిలోని తేమను పీల్చుకుని కరిగి పైకి ఉబుకుతుంది. మీరు పొద్దున్నే చూస్తున్న పసుపు బొట్లు అవే. అవి ఆమ్ల గుణం గల ద్రవం కాబట్టి వేలితో తుడవకండి. ఈ చర్యలో క్లోరైడు ఖర్చయిపోదు, ఒకచోట ఇనుమును తిని మరోచోట మళ్ళీ పనిలోకి దిగుతుంది, కొంత అకగానైట్ అనే తుప్పు ఖనిజంలో ఇరుక్కుని ఉంటుంది. లోపల కొత్త తుప్పు పుట్టేకొద్దీ అది లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమించి పైపొరను బయటికి తోస్తుంది, పెచ్చులు ఊడడానికి కారణం అదే.

ఇలాంటి వస్తువు మీద వార్నిష్ పూసినా, మైనం పూసినా, నూనె రాసినా ఫలితం ఒక్కటే. నీటి ఆవిరిని పూర్తిగా అడ్డుకునే పూత ఏదీ లేదు, మందంగా పూస్తే ఆలస్యం అవుతుందంతే. పైగా పూత కింద ఏం జరుగుతోందో కంటికి కనపడకుండా పోతుంది, కొన్నాళ్ళకు పూతతో సహా పొర ఊడి చేతికొస్తుంది. మామూలు శుభ్రమైన ఇనుము సాపేక్ష తేమ సుమారు 60 శాతం దాటాక వేగంగా తుప్పు పడుతుంది. క్లోరైడు చేరిన తవ్వకపు ఇనుము అంతకంటే ఎంతో పొడి గాలిలో, 20 శాతం దగ్గర కూడా నెమ్మదిగా చెడుతూనే ఉంటుందనీ, పూర్తిగా నిలకడగా ఉండాలంటే 12 శాతం దాకా దించాలనీ పరిశోధనల్లో తేలింది. ఇంగ్లండులోని బ్రిస్టల్ రేవులో ఎస్.ఎస్. గ్రేట్ బ్రిటన్ అనే ఇనుప ఓడ ఉంది. 1843లో నీటిలోకి దిగిన ఆ ఓడను 1970లో ఫాక్‌లాండ్ దీవుల నుంచి వెనక్కి తెచ్చారు. ఓడంతటి వస్తువులోంచి ఉప్పును కడిగి తీయడం సాధ్యం కాక, దాని అడుగు భాగం చుట్టూ అద్దపు కప్పు కట్టి, లోపలి గాలిని యంత్రాలతో ఎండబెట్టి 20 శాతం తేమ దగ్గర నిలుపుతున్నారు. అంటే ఏళ్ళ తరబడి ఆలోచించి వాళ్ళు ఎంచుకున్న మార్గం పూత కాదు, పొడిగాలి.

మీరు ఇంట్లో చేయగలిగినది దాని చిన్నరూపమే. మూత బిర్రుగా పట్టే, రబ్బరు అంచు ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకోండి. అందులో గుండు బరువుతో సమానమైన బరువు సిలికా జెల్‌ను, అంటే తేమ పీల్చే గుళికలను, గుడ్డ సంచుల్లో పోసి పెట్టండి. గుండు సంచులకు ఆనకుండా చిన్న ప్లాస్టిక్ జల్లెడ మీద కూర్చోబెట్టి, పక్కన తేమ చూపే చిన్న డిజిటల్ మీటరు ఉంచి మూత పెట్టండి. రంగు మారే రకం సిలికా జెల్ కొంచెం కలిపితే ఎప్పుడు తడిసిందో తెలుస్తుంది. నీలం రకం తేమ పీల్చాక గులాబీ రంగుకు తిరుగుతుంది. అప్పుడు దాన్ని ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే మళ్ళీ పనికొస్తుంది. నీలం రకంలో కోబాల్టు ఉంటుంది కాబట్టి వంట ఓవెన్‌కు నారింజ రంగు రకమే మేలు. డబ్బాలో పెట్టాక కొత్త బొట్లు రావడం ఆగిపోతే ప్రస్తుతానికి గుండు ప్రాణానికి భయం లేదు.

దాన్ని ఇంకెప్పుడూ వైరు బ్రష్షుతో రుద్దకండి. మట్టిలోంచి వచ్చిన ఇనుములో వస్తువు అసలు ఉపరితలం తుప్పు పొరల లోపల ఎక్కడో దాగి ఉంటుంది, మెరిసే లోహం కనపడేదాకా గీకితే ఆ ఉపరితలం గీకుడులో పోతుంది. అయస్కాంతం ఒకసారి దగ్గర పెట్టి చూడండి. గట్టిగా లాగితే లోపల లోహం మిగిలి ఉన్నట్టు, నామమాత్రంగా అంటుకుంటే అంతా తుప్పుగా మారినట్టు అనుకోవచ్చు. ఉప్పును అసలుకే తొలగించే పద్ధతులు ఉన్నాయి గాని, క్షార ద్రావణంలో నెలల తరబడి నానబెట్టి, నీళ్ళు మారుస్తూ, ప్రతిసారీ క్లోరైడు ఎంత దిగిందో కొలుస్తూ చేయవలసిన ఆ పని ప్రయోగశాలలో జరగాలి. ఒకసారి ఎండిన పోత ఇనుప గుండును ఇంట్లో మళ్ళీ నీళ్ళలో వేస్తే అది నానక ముందే పొరలు విచ్చుకునే ప్రమాదం ఉంది.

దీనికంటే ముఖ్యమైన జాగ్రత్త మరొకటి చెప్పాలి. ఫిరంగి గుండ్లలో ఘనమైనవి ఉన్నట్టే, లోపల మందు కూరిన బోలు గుండ్లు కూడా ఉంటాయి. మూడున్నర అంగుళాల ఘన పోత ఇనుప గుండు రెండున్నర కిలోల పైచిలుకు తూగుతుంది. మీది అంతకంటే బాగా తేలికగా ఉన్నా, ఎక్కడైనా గుండ్రని రంధ్రం గాని, బిరడా గుర్తు గాని కనిపించినా దాన్ని ఇక కదపకుండా, వేడి తగలనీయకుండా పోలీసులకు తెలియజేయండి. తుప్పు వల్ల ఘన గుండు కూడా తేలికవుతుంది కనుక బరువు ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండిపోకండి. తుపాకిమందు వందేళ్ళు దాటినా పేలగలదు.

ఇక ఇంటి సామాను. ముందుగా కొబ్బరినూనెను మినరల్ టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. ఆ నూనె చిక్కబడి, ఆమ్లం పుట్టించి, దుమ్మును పట్టుకుని, తేమకు తావిస్తుంది. వదులు తుప్పును ఇత్తడి బ్రష్షుతోనో, సన్నని ఉక్కు పీచుతోనో తీయండి, తళతళలాడించవద్దు. కింద నల్లగా, గట్టిగా అంటుకుని ఉండే పొర లోహానికి రక్షణ, అది అలాగే ఉండనీయండి. కడగడానికి బోరు నీళ్ళు, కుళాయి నీళ్ళు వాడకండి, వాటిలోనూ క్లోరైడు ఉంటుంది. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ నీళ్ళు చాలు. కడిగిన వెంటనే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గాని, అసిటోన్‌తో గాని ఒకసారి తడిపితే మూలల్లోని నీరు కూడా పోతుంది. తరువాత హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టండి.

ఎర్రతుప్పు మచ్చలు ఇంకా ఉంటే రెండు మూడు శాతం టానిక్ ఆమ్లం ద్రావణాన్ని గట్టి కుంచెతో రుద్దుతూ పూయండి. అది తుప్పుతో కలిసి నీలి నలుపు రంగు ఇనుప టానేట్‌గా మారుతుంది. ఒక పూత ఆరాక రంగు సమంగా రాకపోతే మళ్ళీ పూయవచ్చు. చివరగా, పెట్రోలియం నుంచి తీసే మైక్రోక్రిస్టలైన్ మైనం. వస్తువును చేయి పట్టగలిగినంత వెచ్చగా చేసి, మెత్తని గుడ్డతో పలుచగా పట్టించి, చల్లారాక మెరుగు పెట్టండి. వెచ్చగా ఉన్నప్పుడు మైనం సన్నని గుంటల్లోకి దిగుతుంది. మ్యూజియంలు దీన్ని ఎంచుకోవడానికి కారణం, ఎప్పుడు కావాలంటే అప్పుడు టర్పెంటైన్‌తో తుడిచి తీసేయగలగడం. కొవ్వొత్తి మైనం పెళుసు, సరిగా అంటుకోదు. తేనెమైనంలో సహజంగానే ఆమ్లాలు ఉంటాయి. గేట్లకు పూసే తుప్పు మార్పిడి ద్రవాలు గేట్లకే ఉంచండి, వాటిలో చాలావాటి పొర ఒకసారి పడితే వస్తువును గీకకుండా తీయలేము.

జవాబు – కొలిమి

మాది తరాలుగా కమ్మరం చేసిన కుటుంబం, తాళాలు, పనిముట్లు బాగుచేయడం ఇప్పటికీ మా పని. లోహరక్షణ గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను గాని, తాళంకప్ప విషయంలో మైనం ఒక్కదానితో సరిపెట్టుకోలేము. అది తిరగవలసిన వస్తువు. లోపలి స్ప్రింగులకు, చెవి తిరిగే గాడికి పలుచని మిషను నూనె రెండు చుక్కలు వేసి, ఒక రాత్రి ఆగి, తాళంచెవిని బలవంతం చేయకుండా అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడించాలి. పాత తాళాల్లో లోపలి స్ప్రింగు రేకులు పలుచన కనుక తుప్పుకు ముందు లొంగేవి అవే, బలవంతం చేస్తే విరుగుతాయి. డబ్ల్యూడీ-40 చల్లితే బిగుసుకున్నది వదులవుతుంది గాని అది ఆవిరైపోయే సరుకు, దాన్నే రక్షణ అనుకుని వదిలేస్తే వచ్చే వానాకాలానికి మళ్ళీ మొదటికే వస్తుంది.

గొడ్డలి సంగతి. మా తాతల కాలంలో పనిముట్లను కొలిమిలో కాస్త వేడిచేసి, నూనెలో ముంచి నల్లబరిచేవారు. ఆ నలుపు పొర మంచి రక్షణే. అది రోజూ కట్టెలు కొట్టే గొడ్డలికి చేసే పని. మీరు చూసుకోవడానికి దాచుకునేదాన్ని మంటలో పెట్టకండి. అంచుకు పెట్టిన ఉక్కు పదును పోతుంది, చేసిన కమ్మరి ఎక్కడ అతుకు వేశాడో తెలిపే గీతలు కూడా చెడతాయి. పాత గొడ్డళ్ళలో మెత్తని ఇనుము మధ్యలో ఉక్కు ముక్క పెట్టి అతికేవారు, పలుచగా మెరుగు పెట్టి వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే అంచు దగ్గర రెండు రంగులు విడిగా కనిపిస్తాయి.

ఒక హెచ్చరిక. తుప్పు తీయడానికి బాత్రూం యాసిడ్ పోయమని సలహా ఇచ్చేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. నిమిషంలో ఇనుము తెల్లబడుతుంది, పోతూ పోతూ క్లోరైడును సందుల్లో నింపి పోతుంది. చింతపండు, ఉప్పు కలిపి తోమడం ఇత్తడి గిన్నెలకు బాగుంటుంది, ఇనుముకు ఉప్పు ఏ రూపంలోనూ తగలకూడదు. చేతి చెమటలోనూ ఉప్పే ఉంటుంది, అందుచేత మైనం పెట్టాక గ్లవ్స్ లేకుండా పట్టుకోకండి. మెరుగు పెట్టిన ఇనుము మీద వేలిముద్ర అచ్చుపడినట్టుగా తుప్పు లేవడం నేను చాలాసార్లు చూశాను.

జవాబు – గచ్చకాయ

ఎలక్ట్రోలిసిస్ గురించి వీడియోలు చూసి నేను వాషింగ్ సోడా నీళ్ళు, బ్యాటరీ చార్జరుతో పాత పార ఒకటి శుభ్రం చేశాను, చాలా చక్కగా వచ్చింది. గొడ్డలికి ఆ పద్ధతి పనికిరాదా అని పెద్దలను అడుగుతున్నాను.

జవాబు – లోహరక్షణ

లోపల గట్టి లోహం ఉన్న గొడ్డలికి, పారకు పనికొస్తుంది. వస్తువును ఋణ ధ్రువానికి, మామూలు ఇనుప రేకును ధన ధ్రువానికి కలపాలి. స్టెయిన్‌లెస్ స్టీలు రేకు వాడితే విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు నీళ్ళలో చేరతాయి, చాలా వీడియోల్లో ఈ మాట చెప్పరు. హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక ఆరుబయటే చేయాలి, చార్జరు ఆపకుండా తీగలు ఊడదీయకూడదు, నిప్పురవ్వ చాలు. గుండుకు మాత్రం ఇంట్లో ఈ పని వద్దు. బుడగలు లోపలి నుంచి లేచి, పట్టు లేని తుప్పు పొరను ముక్కలుగా విడదీస్తాయి. ఆ పొరలోనే గుండు ఆకారం ఉంది.

కొలిమి గారు తాళం గురించి చెప్పినది సరైన మాట. లోపల నూనె, బయట మైనం.

జవాబు – మెహ్రోలీ

ఢిల్లీ స్తంభం గురించి అడిగారు కనుక క్లుప్తంగా చెబుతాను. దానికి ఎవరూ రహస్యమైన పూత పూయలేదు. రెండో చంద్రగుప్తుని కాలానికి చెందినదిగా భావించే ఆ స్తంభం ఏడు మీటర్ల పైచిలుకు ఎత్తు, ఆరు టన్నులకు మించిన బరువు గల సాగగొట్టిన ఇనుము. అందులో భాస్వరం నేటి ఉక్కులో ఉండేదానికంటే చాలా ఎక్కువ. ఆనాటి కొలిముల్లో సున్నపురాయి వేయకపోవడం వల్ల భాస్వరం చిట్టెంలోకి, అంటే కరిగి వేరుపడే మడ్డిలోకి, పోకుండా ఇనుములోనే మిగిలింది. కాన్పూరు ఐఐటీకి చెందిన ఆర్. బాలసుబ్రమణ్యం గారు దీని మీద చాలా పరిశోధన చేశారు. వాన, ఎండ మారిమారి తగిలేకొద్దీ లోహం మీద ఇనుప ఫాస్ఫేటు పొర ఒకటి ఏర్పడి అదే కవచంగా నిలిచిందని ఆయన వివరించారు. ఢిల్లీ గాలి ఏడాదిలో చాలా భాగం పొడిగా ఉండడం, అంత పెద్ద లోహపు ముద్ద పగటి వేడిని రాత్రి దాకా నిలుపుకోవడం కూడా కలిసొచ్చాయి. అదే స్తంభంలో నేలలో పాతిన భాగానికి తుప్పు పట్టింది. మన గండ్రగొడ్డలిలో అంత భాస్వరం ఉందని అనుకోలేము, బందరులో ఆ గాలీ లేదు.

బందరుతీరం

అందరికీ కృతజ్ఞతలు. గుండును తూచాను, రెండున్నర కిలోలకు కొంచెం తక్కువ ఉంది. రంధ్రం గాని, బిరడా గుర్తు గాని ఎక్కడా కనిపించలేదు. డబ్బా, సిలికా జెల్ ఏర్పాటు చేశాను. ఇంకో రెండు సందేహాలు. టానిక్ ఆమ్లం మా ఊళ్ళో దొరకదు. మాకు పెడన దగ్గరే, అక్కడ కలంకారీ పనివారు కరక్కాయ వాడతారు, ఆ కషాయం పూయవచ్చునా? రెండోది, ఈ గుండును ఇంట్లో ఉంచుకోవడం చట్టరీత్యా తప్పవుతుందా?

జవాబు – లోహరక్షణ

మంచి ప్రశ్న వేశారు. పెడనలో గుడ్డకు కరక్కాయ పట్టించి, తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టిన నీళ్ళతో అచ్చు వేస్తే నల్లరంగు తేలుతుంది కదా. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలవడం వల్లనే ఆ నలుపు, మీ గొడ్డలి మీద టానిక్ ఆమ్లం చేసే పనీ అదే. అయితే కషాయంలో టానిన్‌తో పాటు చక్కెరలు, పీచు, ఇతర పదార్థాలు దిగుతాయి, ఎంత గాఢత ఉందో తెలియదు, మిగిలిన చక్కెర మీద తేమ చేరి బూజు పడుతుంది. పనికిరాని పాత మేకు మీద రంగు ఎలా వస్తుందో చూడడానికి సరదాగా చేయండి, దాచుకునే వస్తువు మీద వద్దు. విజయవాడలో రసాయనాలు అమ్మే దుకాణాల్లో శుద్ధమైన టానిక్ ఆమ్లం పొడి దొరుకుతుంది, కొద్దిపాటి చాలు. అసలు మీరు చెప్పినది వేలితో తుడిస్తే వచ్చే ఎర్రపొడే కాబట్టి టానిక్ ఆమ్లం మెట్టు వదిలేసి మైనంతో ఊరుకున్నా నష్టం లేదు.

బీరువాలో ప్లైవుడ్ అరలు ఉంటే వాటి మీద నేరుగా పెట్టకండి. ఆ జిగురు నుంచి, కొత్త రంగుల నుంచి సేంద్రియ ఆమ్లాల ఆవిర్లు వస్తాయి. పాలిథిన్ పలక ఒకటి వేసి పెట్టండి, వానాకాలంలో అద్దాల తలుపుల వెనుక సిలికా జెల్ సంచి ఉంచండి. ఏడాదికోసారి వానలకు ముందు మైనం తుడిచి మళ్ళీ పెడితే సరిపోతుంది.

చట్టం విషయానికి వస్తే, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి ఉండి దొరికిన, పది రూపాయలకు మించిన విలువ గల వస్తువు గురించి జిల్లా కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్ళు దాటిన ఇలాంటి వస్తువులను పురావస్తువులుగా లెక్కిస్తుంది, వాటిని దేశం బయటికి పంపడం నేరం. కలెక్టరు కార్యాలయంలో ఒక అర్జీ, దానితో పాటు ఎక్కడ, ఎంత లోతులో దొరికిందో రాసిన కాగితం, కొలబద్ద పక్కన పెట్టి తీసిన ఫోటోలు ఇచ్చి రసీదు తీసుకోండి. రాష్ట్ర పురావస్తు శాఖవారు వచ్చి చూస్తే ఉప్పు తొలగించే పని ఎక్కడ చేయించాలో కూడా వారినే అడగవచ్చు. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియానికి, లక్నోలో జాతీయ సాంస్కృతిక సంపద పరిరక్షణ పరిశోధనశాలకు ఇలాంటి పని తెలిసిన నిపుణులు ఉన్నారు. వారి చేతికి ఇచ్చేదాకా గుండును డబ్బాలోంచి తీయకండి, ఇప్పటిదాకా ఊడిన పెచ్చులను కూడా పారేయకుండా విడి కవరులో వేసి, అదే డబ్బాలో ఉంచండి.